ముట్టుకోని రెండు రోజులు

కాస్మస్ కబాసో బేస్ గిటార్ తొమ్మిదేళ్ళుగా దాదాపు సిద్ధంగా ఉంది.

దాదాపు అన్న మాట ఆయనదే. ఇంకొక్క చిన్న పని ఉంది, అది కాస్తా అయితే అయిపోయినట్టే అంటాడు. జాంబియాలోని రాగిగనుల ఊరు లువాన్ష్యాలో ఆ మాట విననివాళ్ళు లేరు. విన్న పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఒకరిద్దరికి పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. ఆ పెళ్ళిళ్ళలో బేస్ మోగలేదు. ఒకదానికి బ్యాటరీ అయిపోయింది. ఇంకొకదానికి బ్యాటరీ ఉంది, దాని తీగ ఊడింది.

కబాసో గనిలో నీళ్ళు తోడే పంపుల దగ్గర ఇరవై ఆరేళ్ళు ఫిట్టరుగా చేశాడు. పంపు విషయంలో ఆయనకు ఏ పిచ్చీ లేదు. నడుస్తున్న పంపు జోలికి వెళ్ళకూడదని కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పేవాడు. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, గిటార్ ముందు కూర్చునేసరికి ఆ తెలివి గనిలోనే ఉండిపోయేది.

ఆయన తండ్రి కూడా బేస్ వాయించినవాడే. నూనె పీపాకు మేకతోలు బిగించి, పలక ఒకటి నిలబెట్టి, నాలుగు తీగలు లాగి కట్టిన బాబటోన్ అది. శనివారాలు బీరు కొట్టులో మడమతో పీపాను తన్నుతూ వాయించేవాడు. జీవితంలో దాన్ని రెండుసార్లు శ్రుతి చేశాడు. కట్టినప్పుడు ఒకసారి, దొంగలెత్తుకుపోయి, బరువు మొయ్యలేక తిరిగి తెచ్చి పెట్టినప్పుడు ఒకసారి. కొడుకు పీపా కింద దూరి మేకు ఒకటి కదిపి చూస్తుంటే చెవి పట్టుకుని బయటికి లాగాడు.

"మోగుతోందా లేదా?"

"మోగుతోంది నాన్నా."

"మరి నీ వేలికేం పని అక్కడ?"

ఆ ప్రశ్నకు కబాసో యాభై ఏడేళ్ళ వయసులో కూడా జవాబు వెతుకుతూనే ఉన్నాడు.

గిటార్‌ను న్డోలా సంతలో కొన్నాడు. కొన్నప్పుడు అది మామూలు బేస్ గిటార్. మోగేది. మొదటి ఏడు దాని చెక్కను తీసేసి ముక్వా చెక్కతో కొత్త ఒళ్ళు చెక్కాడు. బాగా బరువుగా వచ్చింది. చర్చిలో ఒక పాట నిలబడి వాయిస్తే రెండో పాటకు కూర్చోవాలి. తర్వాత మెడ మీది మెట్లన్నీ పీకేశాడు, మెట్లు లేకుండా వాయిస్తే స్వరం మనిషి గొంతులా ఉంటుందని. ఆ మనిషి తాగి ఉన్నాడని చర్చిలో అన్నారు. మెట్లు మళ్ళీ కొట్టాడు. కరెంటు గుర్రు వినపడుతోందని లోపలంతా రాగిరేకు అంటించాడు. ఆ ఊళ్ళో రాగికి కొదవేముంది, కాబట్టి రెండు పొరలు అంటించాడు. ముందువైపు చిన్న మీట ఒకటి పెట్టాడు, మూడు వైపులకు తిరిగేది. ఒకవైపు తిప్పితే స్వరం మందంగా, ఒకవైపు తిప్పితే పలచగా వస్తుంది. మూడోవైపు ఏమవుతుందో ఆయనకు ఒకప్పుడు తెలుసు.

తన గిటార్‌తో ఆగి ఉంటే ఊరికి ఇంత బాధ లేకపోయేది. తీగ చిన్నగా గరగరమంటోందని ఎవరైనా బేస్ తెస్తే ఆయన ముఖం వెలిగిపోయేది. రోడ్డుకు అవతలున్న చర్చివాళ్ళు అలాగే ఒకటి తెచ్చారు. పద్నాలుగు నెలలు ఆయన మంచం కింద ఉంది. ఆ చర్చివాళ్ళు బేస్ లేకుండా పాడటం నేర్చుకున్నారు, ఇంకా బాగా పాడుతున్నారని కూడా పేరొచ్చింది. కబాసో దాన్ని తన లెక్కలో వేసుకున్నాడు.

భార్య ఆయన్ని బాషి లొంబే అంటుంది, పెద్దకొడుకు లొంబేకు తండ్రి కాబట్టి. ఆమె బానా లొంబే, లొంబే తల్లి. "మా ఆయనకు తాగుడు లేదు, తిరుగుడు లేదు," అని పక్కింటావిడతో చెప్పేది. "ఉంటే బాగుండేది. అప్పుడు కనీసం ఇంట్లో మేకులు తొక్కే పని ఉండేది కాదు."

ఇన్ని చెప్పినా ఒక సంగతి ఒప్పుకోవాలి. గిటార్ మోగిన ఆదివారాల్లో కబాసో బాగా వాయించేవాడు. చర్చి గాయక బృందంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయనది ఒకే చోటు, డ్రమ్ములకు పక్కన, మూడో కిటికీ కింద ఒక స్టూలు. ఆడవాళ్ళు గొంతెత్తినప్పుడు కింద నుంచి ఒక స్వరం వచ్చి నేలను పట్టుకునేది. అది బేస్ అని ఎవరూ అనుకోరు. ఇవాళ పాట బాగా కుదిరింది అనుకుంటారు. కబాసోకు అంతే చాలు. ఆ స్టూలు తప్ప ఈ లోకంలో ఆయనకు కావలసిన చోటు ఇంకొకటి లేదు.

అలాంటి స్టూలుకే ముప్పు వచ్చింది.

బృందం పాటలు రికార్డు చెయ్యాలని మూడేళ్ళ నుంచి అనుకుంటున్నారు. ఆడవాళ్ళు వారం వారం పొయ్యి దగ్గర నిలబడి, విటుంబువా ఉండలు వేయించి అమ్మి, చివరికి కిట్వే నుంచి రికార్డింగ్ మనిషిని పిలిపించారు. నవంబరు మొదటి శనివారం. ఆ ముందు మంగళవారం సాధన అయ్యాక, బృందాన్ని నడిపే రిటైర్డు టీచరు బానా చోలా కబాసోను గౌరవంగా బా అంటూ ఆపింది.

"బా కబాసో, ఒక మాట. కూర్చోండి."

"పర్లేదు టీచరమ్మా, నిలబడే వింటాను."

"కూర్చోండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. ఆ కుర్చీ స్క్రూ వదిలెయ్యండి."

ఆయన వదిలేశాడు.

"ఇవాళ మీ బేస్ మోగిందా?"

"మోగింది కానీ టీచరమ్మా, రెండో తీగ దగ్గర కొంచెం..."

"మోగిందా, లేదా?"

"మోగింది."

"అయితే ఇలాగే తీసుకురండి. శనివారం దాకా దాన్ని ముట్టుకోవద్దు. తుడవను కూడా తుడవద్దు. ఆ రోజు అది మోగకపోతే బేస్ సంగతి చీషా ఎడమచెయ్యి చూసుకుంటుంది. ఆ ఒక్క రోజుకే కాదు, ఇక ఎప్పటికీ."

కీబోర్డు వాయించే చీషా బ్యాంకులో గుమాస్తా. మర్యాదస్తుడు. "నాకేం ఇబ్బంది లేదు టీచరమ్మా," అన్నాడు. "ఎడమచెయ్యి ఎలాగూ ఖాళీగానే ఉంటుంది."

కబాసో ఆ ఎడమచేతివైపు చూశాడు. నున్నగా, మెత్తగా, ఒక్క కాయ కూడా కాయని చెయ్యి.

బుధవారం ఆయన గిటార్‌ను ముట్టుకోలేదు. గోడకు ఆనించి, ఎదురుగా కూర్చుని చూశాడు. అన్నం తింటూ చూశాడు. బానా లొంబే మధ్యలో చీపురు పట్టుకుని అడ్డంగా వెళితే తల పక్కకు వంచి చూశాడు.

గురువారం మధ్యాహ్నం ఒక సంగతి కనిపించింది. గిటార్ తల దగ్గర తీగలన్నీ ఆనే చిన్న పలక ఉంటుంది. ఆయన గిటార్‌కు అది ప్లాస్టిక్‌ది. రికార్డింగ్ అంటే మాటలా. ప్లాస్టిక్ మీదుగా వచ్చిన స్వరం కలకాలం నిలిచిపోతుంది. ఎముక అయితే స్వరమే వేరు. పోయిన ఆదివారం చారులో ఉడికిన ఆవుకాలి ఎముక ఒకటి ఆయన అప్పుడే కడిగి, ఆరబెట్టి, పనికొస్తుందని దాచాడు. పనికొచ్చే రోజు వచ్చింది. గిటార్‌ను ముట్టుకోవద్దన్నారు, నిజమే. కానీ పలక అన్నది గిటార్ కాదు, గిటార్‌కు ఉన్నది.

తీగలు వదులు చేశాడు. చిన్న సుత్తితో పలకను పక్క నుంచి ఒక్కటి కొట్టాడు. అది రెండు ముక్కలై ఊడింది. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు కాబట్టి మనసు తేలికపడింది. ఎముకను రంపంతో కోసి, ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు.

నాలుగింటికి యోతమ్ షావా వచ్చాడు.

షావా బృందంలో డ్రమ్ములు వాయిస్తాడు. ఎన్గోనీ తెగవాడు. కబాసోది బెంబా తెగ. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఈ ఇద్దరి జనాలూ పొడుచుకుని చచ్చారు. యుద్ధం అయిపోయింది, బెంబాలు కోతుల్ని తింటారని, ఎన్గోనీలు ఎలకల్ని తింటారని తిట్లు మిగిలాయి. ఆ తిట్ల వల్ల ఇప్పుడు వరసకు బావలు. బావ ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు. బావ ఇంట్లోంచి ఏది పట్టుకెళ్ళినా అడగకూడదు. కబాసో తల్లి పోయినరోజు షావా వెళ్ళి తవ్విన గోతిలో పడుకుని, "ఈ చోటు నాకు బాగుంది, ముసలావిడకు ఇంకోటి తవ్వండి," అన్నాడు. కబాసో ఏడుపు మధ్యలో నవ్వాడు. నవ్వడం అక్కడ పద్ధతి, పైగా నిజంగానే నవ్వొచ్చింది.

"కోతిమాంసం వాసన వస్తుంటే బావ ఇంట్లోనే ఉన్నాడనుకున్నా," అన్నాడు షావా గుమ్మంలో.

"ఎలకలన్నీ కలుగుల్లోకి పరిగెత్తాయి, నువ్వొస్తున్నావని నాకూ తెలిసింది," అన్నాడు కబాసో, ఎముకను గుప్పిట్లో మూసి.

షావా లోపలికి వచ్చాడు. గిటార్ మంచం మీద దుప్పటి కింద ఉంది. దుప్పటికి మెడ ఉండదు కాబట్టి అది తెలిసిపోతూనే ఉంది. షావా గోడ మీద సంచి తీసి, దుప్పటితో సహా గిటార్‌ను అందులోకి తోసి, జిప్పు లాగాడు.

"జప్తు," అన్నాడు. "శనివారం పొద్దున చర్చిలో ఇస్తా. చీషా ఎడమచెయ్యి పక్కన కూర్చుని డ్రమ్ములు వాయించే ఖర్మ నాకొద్దు."

"బావా, ఆగు. అది తీసుకెళ్ళకు."

"ఎందుకు?"

"దానికి ఎముక లేదు."

షావా పడీపడీ నవ్వాడు. "మీ బెంబాల్లో ఎవరికుంది?"

"నిజం చెబుతున్నా. తీగలు వదులుగా ఉన్నాయి. తల దగ్గర పలక విరిగింది. ఇదిగో చూడు, కొత్తది చేస్తున్నా." గుప్పిట విప్పి చూపించాడు.

షావా ఆ ఎముక ముక్కను చూశాడు. కబాసో ముఖం చూశాడు. గుమ్మం పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వాడు.

"చారులో ఎముక చూపించి గిటార్ అడుగుతున్నాడు! బానా లొంబే, విన్నారా? మీ ఆయన ఇంత బాగా ఆడతాడని నాకు తెలీదు."

"బా షావా, ఆయన నిజమే చెబుతున్నాడు," అంది బానా లొంబే వంటింట్లోంచి.

ఆవిడా బెంబాయే. ఆవిడ మాటా వేళాకోళమే. షావా కళ్ళు తుడుచుకుంటూ, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. దారిపొడుగునా ఎదురైనవాళ్ళకు ఎముక కథ చెప్పుకుంటూ వెళ్ళాడు. వాళ్ళ నవ్వు మలుపు తిరిగేదాకా వినిపించింది.

కబాసో కోపం తెచ్చుకోబోయాడు. దానికి వీల్లేదు. ఫోన్ చేశాడు. "బావా, దేవుడి మీద ఒట్టు," అన్నాడు. "ఏ దేవుడు, మీ కోతి దేవుడా?" అన్నాడు షావా. మామూలు మనిషి ఎత్తుకెళ్ళి ఉంటే ఇంటిమీదికి వెళ్ళి గొడవ పడొచ్చు, పెద్దల్ని పిలవొచ్చు. బావ పట్టుకెళ్ళాడు. బావతో నిజం చెప్పడానికి ఈ లోకంలో భాష లేదు.

"టీచరమ్మకు చెప్పండి," అంది భార్య. "ఆవిడ మాటైతే షావా వింటాడు."

"చెబితే నేను ముట్టుకున్నానని తెలుస్తుంది."

"మీరు ముట్టుకున్నారు కదా."

"అది నీకు తెలుసు."

శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కబాసో కిటికీ దగ్గర కూర్చుని ఎముకను అరగదీశాడు. గిటార్ లేదు. కొలవడానికి ఏమీ లేదు. మెడ వెడల్పు ఎంతో, తీగకూ తీగకూ మధ్య ఎడం ఎంతో, ఏ గాడి ఎంత లోతో చేతివేళ్ళను అడిగి అరగదీయాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆ మెడను ఎన్నోసార్లు కొలిచాడు. కొలతలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టాడు. ఆ నోటుబుక్కు గిటార్ సంచి జేబులో ఉంది.

సందేహం వచ్చిన ప్రతిచోటా తక్కువే అరగదీశాడు. ఎక్కువ అరిగితే ఎముక తిరిగిరాదు. ఆయన జీవితంలో ఒక పని మధ్యలో చెయ్యి ఆపడం అదే మొదటిసారి. ఆపింది భయం. తెలివి అనడానికి లేదు.

శనివారం చర్చి గుమ్మం దగ్గర షావా ఆయన జేబులు తడిమాడు. ఆకురాయి, రెండు స్క్రూడ్రైవర్లు, గిటార్ మెడ వంపు సరిచేసే లోపలి ఇనుపకడ్డీని తిప్పే తాళంచెవి దొరికాయి. అన్నీ తీసుకున్నాడు. ఎముకను చూసి, "ఇంకా ఆడుతున్నాడు," అని నవ్వి వదిలేశాడు.

కిట్వే మనిషి మైకులు పెట్టాడు. ఆడవాళ్ళు ఆకుపచ్చ చీటెంగే గుడ్డలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. చీషా కీబోర్డు ముందు కూర్చుని ఎడమచెయ్యి గాల్లో రెండుసార్లు విదిలించి వదులు చేసుకున్నాడు. షావా సంచి తెచ్చి స్టూలు మీద పెట్టి, జిప్పు లాగాడు.

నాలుగు తీగలూ మెడ మీద నుంచి బట్టలారేసే తాళ్ళలా జారి వేలాడాయి.

షావా నవ్వలేదు. తల దగ్గర పలక ఉండాల్సిన ఖాళీ గాడిని చూశాడు. కబాసోను చూశాడు. నల్లటి ముఖం బూడిదరంగుకు తిరిగింది.

"బావా," అన్నాడు మెల్లగా. "నిజమే చెప్పావా?"

"మూడుసార్లు."

"నిజం చెబుతుంటే నిజం చెబుతున్నానని చెప్పాలి కదరా."

"అదీ చెప్పా."

బానా చోలా అటుగా వచ్చింది. వేలాడే తీగల్ని చూసింది. తల తిప్పి చీషా వైపు చూసింది. చీషా మర్యాదగా ముందుకు జరిగాడు.

"పది నిమిషాలు టీచరమ్మా," అన్నాడు కబాసో.

"మైకులు సర్దడానికి కిట్వే ఆయన పదిహేను అడిగాడు," అంది ఆవిడ. "ఆయన అయిపోయిందన్నప్పుడు మీది కూడా అయిపోవాలి."

కబాసో స్టూలు మీద కూర్చుని జేబులోంచి ఎముక తీసి గాడిలో పెట్టాడు. అది కూర్చుంది. పక్కలకు ఇంత కూడా కదల్లేదు. తీగలు ఒక్కొక్కటే గాళ్ళలోకి దించి, చెవి మెడకు ఆనించి బిగించాడు. మెడ మూలిగింది, బరువు తీసుకుంది, నిలబడింది. శ్రుతి కుదిరింది.

తీగల ఎత్తు మాత్రం ఎక్కువైంది. దాదాపు మిల్లీమీటరు. తీగ నొక్కాలంటే పంపు మీట నొక్కినట్టు నొక్కాలి. ఆకురాయి ఉంటే రెండు నిమిషాల పని. అది షావా జేబులో ఉంది. కబాసో అటు చూశాడు. చెయ్యి దానంతటదే చాపుకుంది. షావా రెండు చేతులతో జేబు మూసుకున్నాడు.

"ఇంకొక్క చిన్న పని..." అని మొదలుపెట్టాడు కబాసో.

"సిద్ధమా?" అన్నాడు కిట్వే మనిషి.

కబాసో చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సిద్ధం," అన్నాడు. ఆ మాట ఆయన నోటివెంట దాదాపు అన్నది లేకుండా రావడం బృందంలో ఎవరూ ఎరగరు.

మూడు పాటలు పాడారు. మొదటి పాటకు ఆయన వేళ్ళు ఎర్రబడ్డాయి. రెండో పాటకు చూపుడువేలు బొబ్బ కట్టింది. మూడో పాటలో ఆడవాళ్ళ గొంతు పైకి వెళ్ళినచోట బొబ్బ చితికింది, కబాసో వేలు తియ్యలేదు. ఒక్క తీగ కూడా గరగరమనలేదు. అంత ఎత్తున ఉన్న తీగ దేనికి తగిలి గరగరమంటుంది? మొదటి మెట్టు మీద స్వరం శ్రుతికి కొంచెం పైన పలుకుతోందని ఆయనకొక్కడికే వినిపించి, ఒక్కడే బాధపడ్డాడు.

అయ్యాక కిట్వే మనిషి చెవులకున్నవి తీసి, "ఈ బేస్ సెట్ చేసిందెవరు?" అని అడిగాడు.

"నేనే సార్," అన్నాడు షావా. "రెండు రోజులపాటు ముట్టుకోకుండా సెట్ చేశా."

ఆడవాళ్ళు నవ్వారు. బానా చోలా నవ్వలేదు.

"స్టూలు మీదే బా కబాసో," అంది. "గిటార్ ఇకనుంచి షావా ఇంట్లో ఉంటుంది. ఆదివారం తెస్తాడు, వాయిస్తారు, పట్టుకెళ్తాడు."

"టీచరమ్మా, అది నాది."

"మీదే. ఎవరన్నారు కాదని?"

కబాసో షావా వైపు తిరిగాడు. బావ పట్టుకెళ్ళింది అడగకూడదు. చీషా ఎడమచెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

నెల తిరిగేసరికి వానలు దిగాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం కబాసో గొడుగు వేసుకుని షావా ఇంటికి వెళ్ళాడు. గిటార్ బీరువా పక్కన నిలబెట్టి ఉంది. దాని ఎదురుగా కూర్చున్నాడు. షావా భార్య మున్కోయో గ్లాసు చేతిలో పెట్టింది. తాగలేదు.

"వానలకు మెడ ముందుకు వచ్చింది బావా."

"ఎంత?"

"వెంట్రుకంత."

"నాకేం కనపడట్లేదు."

"ఎలకలు వెతికే కళ్ళకు ఏం కనపడుతుంది?" అని ఆగాడు కబాసో. గ్లాసు కింద పెట్టాడు. "లేదు బావా. అది వేళాకోళం. ఇది నిజం. నిజం చెబుతున్నానని చెబుతున్నా."

షావా ఆయన ముఖంలోకి చూశాడు. లేచి, వంటింట్లోంచి మొక్కజొన్న పిండి డబ్బా తెచ్చి, మూత తీసి, పిండిలో చెయ్యి పెట్టి తాళంచెవి బయటికి లాగాడు. ఊది, తుడిచి ఇచ్చాడు.

"పావు చుట్టు. అంతకంటే తిప్పితే చెయ్యి ఉండదు."

కబాసో పావు తిప్పాడు. తీగ మీటి చెవి పెట్టి విన్నాడు. బాగుంది. చెయ్యి తాళంచెవి మీదే ఉంది.

"అయిందా?"

"అయింది."

"అయితే తియ్యి."

తీశాడు. షావా తాళంచెవి పిండిలో పాతి మూత పెట్టాడు. మూత ఒక పక్క లేచింది. కబాసో దాన్ని చూశాడు.

"బావా, ఆ మూత అంచు ఆకురాయితో కొంచెం అరగదీస్తే..."

"ఇంటికి పో," అన్నాడు షావా.